అన్నకు సింహాసనం, తమ్ముడికి కత్తి: బ్రన్స్‌విక్ ఫెర్డినాండ్ సైనిక జీవితం

తాళపత్రం

1745 సెప్టెంబరు 30. బొహీమియాలో సూర్ అనే ఊరి దగ్గర ప్రష్యా సైనికులు ఒక నిటారు గుట్ట ఎక్కుతున్నారు. వాళ్లను నడిపిస్తున్న సేనానికి 24 ఏళ్లు, పేరు ఫెర్డినాండ్. గుట్ట మీద ఆస్ట్రియా తరఫున కాపు కాస్తున్న సేనాని లుడ్విగ్ ఎర్న్‌స్ట్. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. అదే రోజు, అదే పోరులో ప్రష్యా పక్షాన ఉన్న వాళ్ల తమ్ముడు ఆల్బ్రెహ్ట్ ఇరవై ఏళ్లకే ప్రాణం వదిలాడు. ఫెర్డినాండ్‌కు గాయమైంది, గుట్ట మాత్రం దక్కింది.

జర్మన్ రాజవంశాల్లో చిన్న కొడుకుల గతి గురించి పోయిన వారం ఇక్కడ ఎవరో అడిగారు. బ్రన్స్‌విక్-వుల్ఫెన్‌బ్యూటెల్ ఇంటి కన్నా మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. ఫెర్డినాండ్ పుట్టింది 1721 జనవరి 12న. బతికి బట్టకట్టిన అన్నలు ముగ్గురు. పెద్దవాడు కార్ల్‌కు 1735లో రాజ్యం దక్కింది. రెండోవాడు ఆంటోన్ ఉల్రిక్ రష్యాకు ఇల్లరికం వెళ్లినట్టే. మూడోవాడే ఆ లుడ్విగ్ ఎర్న్‌స్ట్. ఆస్ట్రియా కొలువు, ఆ తరువాత హాలండ్ కొలువు. ఫెర్డినాండ్ 1740లో ప్రష్యా సైన్యంలో కల్నల్ అయ్యాడు. అప్పటికి వయసు 19. అందరికన్నా చిన్నవాడు ఫ్రీడ్రిక్ ఫ్రాంజ్ కూడా ప్రష్యా సైన్యంలోనే చేరి 1758 అక్టోబరులో హోఖ్‌కిర్ఖ్ యుద్ధంలో పోయాడు.

ఒక్క రాజ్యం, ఒక్క సింహాసనం. మిగతా కొడుకులంతా పరాయి రాజుల సైన్యాల్లో. వీరిలో సైనికుడిగా అందరికన్నా ఎత్తుకు ఎదిగింది ఫెర్డినాండే అని నా అభిప్రాయం. కాదనేవారు ఉంటే రండి.

రాత్రిబండి

కొత్త సభ్యుడిని, క్షమించాలి. 19 ఏళ్లకు కల్నల్ ఎలా అయ్యాడు? అప్పటికి యుద్ధం చూశాడా?

మైథిలి

చూడలేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆయనకు బావ! అక్క ఎలిజబెత్ క్రిస్టీన్‌ను 1733లో ఫ్రెడరిక్‌కు ఇచ్చారు. తండ్రి ఒత్తిడికి తలవంచి చేసుకున్న పెళ్లి అది. సింహాసనం ఎక్కాక ఫ్రెడరిక్ భార్యను దూరంగానే ఉంచాడు. ఆమె ఉండే కోట వేరు, ఆయన ఉండే కోట వేరు. కానీ బావమరుదులను మాత్రం సైన్యంలో చేర్చుకున్నాడు. మిగతా అక్కచెల్లెళ్ల సంగతి చూడండి. లూయిజె అమేలీని ఫ్రెడరిక్ తమ్ముడికే ఇచ్చారు. యూలియానా మారియా డెన్మార్క్ రాణి అయింది. తెరేజె మఠాధిపతి అయింది. చిన్న కొడుకుల గురించి అందరూ రాస్తారు గానీ, ఆ కొలువులకు దారి వేసింది ఆడపిల్లల పెళ్లిళ్లే. తాళపత్రం గారి జాబితాలో అక్కచెల్లెళ్ల పేరు ఒక్కటీ లేదు, గమనించారా?

తాళపత్రం

గమనించాను మైథిలి గారూ. ఇక వాళ్ల సంగతి మీ చేతుల్లో పెడతాను.

రాత్రిబండి గారూ, పదవి బంధుత్వం వల్ల వచ్చిందన్నది నిజమే. నిలబెట్టుకోవడానికి బంధుత్వం చాలదు. మోల్‌విట్జ్, ఖోటుసిట్జ్ పోరాటాల్లో పని నేర్చుకున్నాడు. తరువాత సూర్. 1756లో ఏడేళ్ల యుద్ధం (ఒక పక్క ప్రష్యా, ఇంగ్లండు, హనోవర్; మరో పక్క ఫ్రాన్సు, ఆస్ట్రియా, రష్యా) మొదలయ్యాక సాక్సనీ మీదికి వెళ్లిన దళాల్లో ఒకదాన్ని నడిపాడు. లోబోసిట్జ్‌లో కుడి పక్షం ఆయనది. 1757 నవంబరు 5న రోస్‌బాఖ్‌లోనూ కుడి పక్షమే. అప్పటికి పదిహేడేళ్ల అనుభవం. ఇక్కడి దాకా మంచి సేనాని అనే అనాలి, అంతకు మించి కాదు. అసలు కథ ఆ నవంబరు చివర మొదలవుతుంది.

ఆ ఏడాది జులై 26న హనోవర్ సైన్యం హాస్టెన్‌బెక్ దగ్గర ఫ్రెంచివాళ్ల చేతిలో ఓడింది. దానికి సేనాపతి కంబర్లాండ్ డ్యూకు, ఇంగ్లండుకు రాజూ హనోవర్‌కు పాలకుడూ అయిన రెండో జార్జి చిన్న కొడుకు. సెప్టెంబరులో క్లోస్టర్‌ట్సేవెన్ దగ్గర సైన్యాన్ని చెదరగొట్టడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. తండ్రి మండిపడ్డాడు. కంబర్లాండ్ పదవులన్నీ వదులుకున్నాడు. లండన్ ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చి, ఒక సేనాపతిని ఇమ్మని ఫ్రెడరిక్‌ను అడిగింది. ఫ్రెడరిక్ ఫెర్డినాండ్‌ను పంపాడు. నవంబరు చివర్లో స్టాడెకు చేరుకునేసరికి ఆయనకు దొరికింది ఓడిన సైన్యం, లొంగుబాటుకు సిద్ధపడిన అధికారులు, చలికాలం.

ఫిబ్రవరిలో కదిలాడు. మార్చి ముగిసేసరికి ఫ్రెంచి సైన్యం రైన్ నదికి అవతల ఉంది.

లెక్కలమాస్టారు

ఇక్కడ నాకో అభ్యంతరం. ఆ చలికాలపు దండయాత్రలో ఫ్రెంచివాళ్లు ఓడింది ఫెర్డినాండ్ చేతిలోనా, జబ్బుల చేతిలోనా? వాళ్ల సైన్యంలో రోగాలు ప్రబలి ఉన్నాయి, తిండి లేదు, క్రమశిక్షణ లేదు. కొత్తగా వచ్చిన సేనాపతి క్లెర్మోన్ ఎవరు? పారిస్‌లోని సాన్-జెర్మాన్-దె-ప్రె మఠానికి అధిపతి! కత్తి పట్టుకోవడానికి పోపు దగ్గర అనుమతి తెచ్చుకున్న మనిషి. అలాంటివాడిని తరిమికొట్టడం ఎంత పెద్ద ఘనత?

తాళపత్రం

మాస్టారూ, చలికాలం రెండు పక్షాలకూ చలికాలమే. ఫెర్డినాండ్ సైన్యం అంతకు అయిదు నెలల ముందే పరువు పోగొట్టుకుంది.

సరే, క్రేఫెల్డ్ తీసుకోండి. 1758 జూన్ మొదట్లో రాత్రివేళ రైన్ దాటాడు. జూన్ 23న క్రేఫెల్డ్ దగ్గర తన సుమారు 32 వేల మందితో 50 వేలకు దగ్గరగా ఉన్న ఫ్రెంచి సైన్యాన్ని ఎదుర్కొన్నాడు. తక్కువ సైన్యం ఉన్నవాడు దాన్ని విడగొట్టకూడదని పాఠాలు చెబుతాయి. ఈయన విడగొట్టాడు. ఒక భాగాన్ని ఎదురుగా నిలిపి ఆర్భాటం చేయించాడు. పెద్ద భాగాన్ని తానే తీసుకుని చుట్టు తిరిగి వెళ్లి క్లెర్మోన్ ఎడమ పక్షం మీద పడ్డాడు. ఎదుటివాడు నెమ్మదస్తుడని తెలిసి చేసిన పని కదా అంటారేమో. అవును. ఎదుటివాడిని చదవడం కూడా సేనాపతి పనే.

ఆ యుద్ధంలో ఫ్రెంచి యుద్ధమంత్రి బెల్-ఈల్ ఒక్కగానొక్క కొడుకు జిసోర్ ప్రభువు ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ఇంకో ఇల్లు ఆరిపోయింది.

బందరుకోట

కొంచెం పక్కకు వెళ్తున్నానని నిర్వాహకులు కోప్పడకండి. ఇదే యుద్ధం మన గడప దాకా వచ్చింది కనుక చెప్పకుండా ఉండలేను. ఫెర్డినాండ్ క్రేఫెల్డ్‌లో గెలిచిన ఏడాదే, డిసెంబరులో, గోదావరి ప్రాంతంలోని చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి కలిసి కోన్‌ఫ్లాన్ నాయకత్వంలోని ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1759 ఏప్రిల్‌లో రాత్రిపూట దాడి చేసి మచిలీపట్నం కోట పట్టుకున్నారు. ఆ దెబ్బకు హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఆగస్టు 1న మిండెన్. అంటే బందరు కోట పడిన నాలుగు నెలల లోపే.

ఫ్రాన్సు తన డబ్బునూ మనుషులనూ జర్మనీలో ఖర్చు చేస్తుంటే సముద్రాల మీద, వలస దేశాల మీద ఇంగ్లండుకు చేయి ఆడింది. లండన్‌లో యుద్ధాన్ని నడిపిన మంత్రి పిట్ లెక్క అదే. ఫెర్డినాండ్‌కు బందరు ఎక్కడుందో తెలిసి ఉండకపోవచ్చు. ఆయన సైన్యానికి జీతాలు ఇచ్చినవాళ్లకు బాగా తెలుసు.

నిర్వాహకుడు

ఈసారికి కోపం లేదు. చందుర్తి మీద విడిగా చర్చ ఉంది, వివరాలు అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఫెర్డినాండ్.

రాత్రిబండి

మిండెన్‌లో ఏం జరిగింది? సాక్‌విల్ అనే ఆయన యుద్ధానికి రాకుండా నిలబడిపోయాడని ఎక్కడో చదివాను.

తాళపత్రం

మిండెన్ గురించి వివరంగానే చెప్పాలి. దానికి ముందు, 1759 ఏప్రిల్ 13న ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర బెర్గెన్‌లో ఫెర్డినాండ్ ఓడాడు. బ్రోయి ప్రభువు గట్టి చోటు చూసుకుని నిలిచాడు. ఈయన తొందరపడి, వచ్చిన దళాన్ని వచ్చినట్టే పోరులోకి దించాడు. ఇది మాస్టారు ఎలాగూ ఎత్తి చూపుతారు కనుక నేనే ముందు చెప్పేస్తున్నాను.

ఆ తరువాత ఫ్రెంచివాళ్లు ముందుకొచ్చి మిండెన్ పట్టుకున్నారు. సేనాపతి కోంటాడ్. సుమారు 54 వేల మంది, ఒక పక్క వేజర్ నది, ముందు బురద నేల. కదపడం అసాధ్యమైన చోటు. ఫెర్డినాండ్ దగ్గర సుమారు 42 వేల మంది. కోంటాడ్‌ను ఆ చోటు నుంచి బయటికి లాగడం ఎలా? రెండు పనులు చేశాడు. అన్న కొడుకు, యువరాజు కార్ల్ విల్‌హెల్మ్‌కు దాదాపు పది వేల మందిని ఇచ్చి శత్రువుల రసదు దారిని కోయడానికి గోఫెల్డ్ వైపు పంపాడు. వాంగెన్‌హైమ్ దళాన్ని నది పక్కన టోటెన్‌హౌజెన్ దగ్గర ఒంటరిగా కనిపించేటట్టు వదిలాడు. కోంటాడ్ ఎరను మింగాడు. జులై 31 రాత్రి బురద దాటి మైదానంలోకి వచ్చాడు.

తరువాత జరిగింది ఎవరి పథకంలోనూ లేదు. ఆజ్ఞ అర్థం చేసుకోవడంలో పొరపాటు వల్ల ఆరు బ్రిటిష్ పదాతి పటాలాలు, వాటితో హనోవర్ పదాతులు, డప్పులు మోగించుకుంటూ నేరుగా ఫ్రెంచి అశ్వికదళం మీదికి నడిచారు. పదాతులు గుర్రాల మీదికి నడవడం! ఫ్రెంచివాళ్లు అశ్వికదళాన్ని నట్టనడుమ పెట్టారు, అది అసలే విచిత్రం. గుర్రాలు మళ్లీ మళ్లీ విరుచుకుపడ్డాయి, పదాతులు దగ్గరికి రానిచ్చి కాల్చారు. వరస చెదరలేదు. ఆ పటాలాల వారసులు నేటికీ ఆగస్టు 1న టోపీల్లో గులాబీలు పెట్టుకుంటారు.

శత్రువు నడుము విరిగింది. ఇక అశ్వికదళం దూకితే చాలు. ఫెర్డినాండ్ ఒకరి తరువాత ఒకరిని దూతలుగా పంపాడు. అశ్వికదళాధిపతి లార్డ్ జార్జ్ సాక్‌విల్ ఆజ్ఞ స్పష్టంగా లేదంటూ వాదిస్తూ కూర్చున్నాడు. కదలలేదు. ఫ్రెంచి సైన్యం 7 వేల మందికి పైగా పోగొట్టుకుంది, కానీ పూర్తిగా నాశనం కాకుండా తప్పించుకుంది. 1760లో సైనిక న్యాయస్థానం సాక్‌విల్ ఏ సైనిక పదవికీ తగడని తీర్పు చెప్పింది. రాజు ఆ తీర్పును ప్రతి పటాలం ముందూ చదివించాడు.

మైథిలి

సాక్‌విల్ కూడా డార్సెట్ డ్యూకు చిన్న కొడుకే. కంబర్లాండ్ చిన్న కొడుకు. మఠాధిపతి క్లెర్మోన్ బూర్బాన్ వంశంలో చిన్న కొడుకు. మిండెన్‌లో ఫెర్డినాండ్ ఫిరంగులను చూసుకున్న షౌంబుర్గ్-లిప్పె ప్రభువు విల్‌హెల్మ్ కూడా రెండో కొడుకే. అన్న ద్వంద్వయుద్ధంలో చనిపోవడంతో రాజ్యం ఈయనకు దక్కింది. అన్నలంతా ఇళ్లలో కూర్చున్న యుద్ధంలా ఉంది ఇది.

తాళపత్రం

చాలా బాగా పట్టుకున్నారు. ఇంకొకటి. మిండెన్‌లో ఫిరంగి గుండు తగిలి చనిపోయిన ఫ్రెంచి అధికారుల్లో లఫాయెత్ తండ్రి ఉన్నాడు. కొడుక్కి అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఆ కొడుకు పెరిగి అమెరికాలో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడుతున్నప్పుడు, లండన్‌లో కూర్చుని ఆ యుద్ధాన్ని నడిపిన మంత్రి ఎవరో తెలుసా? పేరు మార్చుకున్న సాక్‌విల్.

లెక్కలమాస్టారు

సరే, ఇక నా వంతు. మిండెన్ గెలిచింది ఆజ్ఞ తప్పుగా వినపడిన పదాతుల వల్ల. 1761 జులైలో ఫెల్లింగ్‌హౌజెన్ గెలిచింది బ్రోయి, సుబీజ్ ప్రభువుల కీచులాట వల్ల. ఫ్రెంచివాళ్లకు 90 వేలు, మనవాడికి 65 వేలు. ఒక ఫ్రెంచి సేనాపతి పోరాడుతుంటే రెండోవాడు చూస్తూ ఊరుకున్నాడు. బెర్గెన్‌లో ఓటమి మాత్రం పూర్తిగా ఫెర్డినాండ్‌దే. క్లోస్టర్ కాంపెన్‌లో, గ్రూన్‌బెర్గ్‌లో అన్న కొడుకు ఓడాడు. ఇక యుద్ధ పథకాలు వేసింది కార్యదర్శి వెస్ట్‌ఫాలెన్ అని ఆ కాలంవాళ్లకే తెలుసు. అదృష్టాన్నీ, శత్రువు తప్పులనూ, గుమస్తానూ తీసేస్తే ఫెర్డినాండ్‌కు ఏం మిగులుతుంది?

ఎర్రమందారం

వెస్ట్‌ఫాలెన్ పేరు రాగానే నిద్ర లేచాను. ఆయన గుమస్తా కాదు మాస్టారూ. బ్లాంకెన్‌బుర్గ్‌లో పోస్టుమాస్టరు కొడుకు, ఏ వంశమూ లేని మనిషి. సైనిక పదవి లేకుండానే ఆ సైన్యానికి ముఖ్య సలహాదారుగా పనిచేశాడు. ఏ దారిన కదలాలి, రసదు ఎక్కడ నిలవ చేయాలి, ఏ నది ఎప్పుడు దాటాలి, అన్నిటి మీదా రాతపూర్వకంగా సలహాలు ఇచ్చేవాడు. 1764లో ప్రభువంశ హోదా ఇచ్చారు.

అసలు కథ తరువాత ఉంది. బ్రిటిష్ సేనాని బెక్‌విత్‌కు భార్యగా ఉన్న తన అక్కను చూడటానికి ఆ సైన్యపు విడిదికి స్కాట్లండు నుంచి జీనీ విషార్ట్ అనే అమ్మాయి వచ్చింది. వెస్ట్‌ఫాలెన్ ఆమెను పెళ్లాడాడు. వాళ్ల చిన్న కొడుకు లుడ్విగ్. లుడ్విగ్ కూతురు జెన్నీ. జెన్నీ భర్త కార్ల్ మార్క్స్! మార్క్స్ తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథాన్ని ఈ మామగారికే అంకితమిచ్చాడు. జెన్నీ సవతి అన్న ఫెర్డినాండ్ వెస్ట్‌ఫాలెన్ ప్రష్యాలో హోంమంత్రి అయ్యాడు. తాత రాసిపెట్టిన యుద్ధచరిత్రను అచ్చు వేయించినవాడూ ఆయనే. బావ విప్లవకారుడు, బావమరిది పోలీసుల మీద అజమాయిషీ చేసే మంత్రి. ఇంట్లో పండుగలు ఎలా జరిగేవో.

రాత్రిబండి

మార్క్స్ దాకా వెళ్తుందని ఊహించలేదు!

తాళపత్రం

మాస్టారి ప్రశ్నకు జవాబు ఎర్రమందారం గారి మాటల్లోనే ఉంది. పోస్టుమాస్టరు కొడుకు చెప్పింది విని నడుచుకున్న రాజకుమారులు ఆ కాలంలో ఎందరు? ఫ్రెడరిక్ ఎవరి మాటా వినడు. కంబర్లాండ్ వినలేదు. ఫెర్డినాండ్ విన్నాడు. ఇది తక్కువ గుణమా?

ఇంకా ఆ సైన్యాన్ని చూడండి. హనోవర్ వాళ్లు, హెస్సె-కాసెల్ వాళ్లు, బ్రన్స్‌విక్ వాళ్లు, లిప్పె వాళ్లు, కొద్దిమంది ప్రష్యా రౌతులు, 1758 ఆగస్టు నుంచి బ్రిటిష్ వాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో యజమాని, ఒక్కో జీతం, ఒక్కో అహంకారం. డబ్బు లండన్‌ది, అది చెప్పిన రోజుకు రాదు. ఫెర్డినాండ్ చేతిలో సొంత రాజ్యం లేదు. ఎవరినీ శిక్షిస్తానని బెదిరించలేడు. అన్న కార్ల్ భయపడి తన దళాలను వెనక్కి లాక్కుందామని చూస్తే ఆయనకూ నచ్చచెప్పాల్సి వచ్చింది. అయినా అయిదేళ్లు ఈ అతుకుల బొంతను చిరగనీయలేదు. తనకన్నా పెద్ద ఫ్రెంచి సైన్యాలను హనోవర్‌లో నిలదొక్కుకోనివ్వలేదు. 1762 నవంబరు 1న కాసెల్ తిరిగి పట్టుకున్నాకే ఆగాడు.

చిన్నప్పటి నుంచి ఇతరుల కొలువులో బతకడం నేర్చుకున్నవాడికే అది సాధ్యమని నాకనిపిస్తుంది. సింహాసనం మీద పెరిగినవాడు అంత ఓపిక పట్టడు.

లెక్కలమాస్టారు

ఓపికకు మార్కులు వేస్తాను. యుద్ధకళకు ఇంకా వేయను. 1759లో సాక్‌విల్‌తో ఆ సయోధ్య ఏమైంది మరి? ఇద్దరికీ అంతకుముందే పడదు. కూటమిని నడపడంలో అంత నేర్పరి అయితే, అశ్వికదళాధిపతితోనే మాటలు లేని పరిస్థితి ఎందుకొచ్చింది?

తాళపత్రం

ఇది మంచి దెబ్బ. సాక్‌విల్‌కు ఈయన డబ్బు ఖర్చు పెట్టే తీరు మీద అనుమానం, ఈయనకు సాక్‌విల్ నాలుక మీద కోపం. సాక్‌విల్ తరువాత ఆ పదవికి వచ్చిన గ్రాన్‌బీతో మాత్రం చివరి దాకా కుదిరింది. 1760లో వార్‌బుర్గ్ దగ్గర గ్రాన్‌బీ టోపీ, విగ్గు ఎగిరిపోయినా ఆగకుండా బట్టతలతోనే గుర్రాలను దూకించాడు. ఏడాది కిందట సాక్‌విల్ చేయని పని అది.

బందరుకోట

గ్రాన్‌బీ దగ్గర పనిచేసిన కుర్రాళ్లలో ఒకరు కార్న్‌వాలిస్. ఫెల్లింగ్‌హౌజెన్‌లో 12వ పటాలానికి నాయకుడు. అంటే ఫెర్డినాండ్ ఆజ్ఞల కింద యుద్ధం నేర్చుకున్నవాడే 1788లో గవర్నర్ జనరల్‌గా నిజాం నుంచి గుంటూరు సర్కారును తీసుకున్నాడు. నిర్వాహకులూ, ఇదే ఆఖరు!

మైథిలి

యుద్ధం అయ్యాక ఏం చేశాడు? పెళ్లి చేసుకోలేదని తెలుసు.

తాళపత్రం

చేసుకోలేదు. అప్పటికే ప్రష్యా ఫీల్డ్ మార్షల్, ఇంగ్లండు గార్టర్ బిరుదు, బ్రిటిష్ పార్లమెంటు ఇచ్చిన పింఛను అన్నీ ఉన్నాయి. కానీ బావతో మనస్పర్థలు పెరిగి 1766లో ప్రష్యా కొలువు వదిలేశాడు. ఇరవై ఆరేళ్ల సేవ అలా ముగిసింది. అప్పటికి వయసు 45. మళ్లీ ఎన్నడూ సైన్యాన్ని నడపలేదు. బ్రన్స్‌విక్ దగ్గర ఫెఖెల్డెలో సొంత భవనం, తోట. మిగిలిన జీవితమంతా ఫ్రీమేసన్ సంఘాల వెంట తిరిగాడు. 1782లో విల్‌హెల్మ్స్‌బాడ్‌లో జరిగిన పెద్ద సమావేశానికి అధ్యక్షుడు ఆయనే. ఆ రహస్య సంఘాలకు పోసిన డబ్బు గురించి నాకు జాలే తప్ప గౌరవం లేదు.

1792 జులై 3న పోయాడు. ఆ తరువాత మూడు వారాలకు, మిండెన్‌లో రసదు దారి కోసిన ఆ అన్న కొడుకు పేరు మీద పారిస్ ప్రజలను బెదిరిస్తూ ప్రకటన వెలువడింది. అది ఫ్రాన్సులో రాజరికం కూలడానికి ఎంత తోడ్పడిందో అందరికీ తెలిసిందే. అదే మనిషి 1806లో ఔయెర్‌స్టెట్‌లో రెండు కళ్లూ పోగొట్టుకుని, ఆ గాయంతోనే చనిపోయాడు.

రాత్రిబండి

రష్యాకు వెళ్లిన రెండో అన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

మైథిలి

అది చెప్పాలంటే మనసు గట్టి చేసుకోవాలి. ఆంటోన్ ఉల్రిక్ భార్య అన్నా లియోపోల్డోవ్నా, రష్యా మహారాణి అన్నాకు మేనకోడలు. వాళ్ల పసిబిడ్డ ఇవాన్‌ను 1740లో రష్యా చక్రవర్తిని చేశారు, తల్లి రాజప్రతినిధి, తండ్రి సర్వసేనాపతి. ఏడాది తిరగగానే పీటర్ చక్రవర్తి కూతురు ఎలిజబెత్ తిరుగుబాటు చేసి ఆ గద్దె లాక్కుంది. కుటుంబాన్ని ఉత్తరాన ఖోల్మొగొరిలో బంధించారు, పిల్లవాడిని విడిగా ఉంచారు. ఇవాన్‌ను 1764లో చెరలోనే చంపేశారు. ఆంటోన్ ఉల్రిక్ చెర నుంచి బయటపడకుండానే చనిపోయాడు. మిగిలిన నలుగురు పిల్లలను 1780లో డెన్మార్క్‌లోని హోర్సెన్స్‌కు పంపారు. అక్కడ ఆశ్రయం ఇచ్చింది మేనత్త యూలియానా మారియా.

లెక్కలమాస్టారు

ఇంత చదివాక కూడా మిండెన్ మీద నా లెక్క మారలేదు. యువరాజు గోఫెల్డ్‌లో అదే పొద్దున గెలిచాడు కదా, దాన్ని ఎవరూ చర్చించలేదు. కోంటాడ్ వెనక్కి తగ్గింది మైదానంలో ఓటమి వల్లనా, వెనక రసదు దారి తెగినందువల్లనా? తాళపత్రం గారూ, తీరిక ఉన్నప్పుడు రాయండి. పటం ఉంటే దాన్ని కూడా పెట్టండి.